ఆడుబిడ్డలకు ఆటబయలు

సికిందరాబాదు విడిచి ఉత్తరముగా నిజామాబాదు వైపు పోవు రైలుబండిలో కిటికీ ప్రక్కను కూర్చున్నవారికి అమ్ముగూడ, కావల్రీ బారక్సు, అల్వాలు, బొల్లారము అను చిన్న స్టేషనులు ఒకదాని వెంట నొకటి ఎదురగును. బొల్లారమునకు చేరువనే కౌకూరు గ్రామము. ఈ ప్రాంతమంతయు నొకనాడు దండు విడిసిన తావు. హైదరాబాదు కాంటింజెంటు సేనలు బొల్లారమున నుండెను. రెసిడెంటు దొరగారి విడిది అచ్చటనే కట్టబడెను. అదియే నేడు రాష్ట్రపతి నిలయము. దండుతోగూడ కాలిబంతి ఈ నేలకు వచ్చినది. తెల్లసిపాయిలు సాయంకాలమున బారకుల యెదుటి బయళ్లలో నాడుచుండగా, అంచున నిలిచి చూచిన పల్లెపిల్లలు చూచి చూచి నేర్చిరి. నేర్పినవారిని మించిరి.

మించిరనుట అతిశయోక్తి గాదు. కౌకూరునకు కూతవేటు దూరమున నున్న అమ్ముగూడలో 1936లో ఒక తమిళకుటుంబమున తులసీదాస్ బలరాం జన్మించెను. ఆ బాలుడు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు పోయిన భారతజట్టులో నుండెను. ఆ జట్టు నాలుగవ స్థానము నందెను. 1960లో రోమునగరమున హంగరీపైనను పెరూపైనను అతడు గోలులు వేసెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1గా గెలిచి స్వర్ణపతకము నందిన జట్టులోను అతడుండెను. ఆ జట్ల కన్నింటికిని శిక్షకుడు హైదరాబాదీయుడగు సయ్యద్ అబ్దుల్ రహీం గారు, వృత్తిచేత ఉపాధ్యాయులు. వారి తర్ఫీదున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదుమార్లు రోవర్సు కప్పును గైకొనెను. రహీం గారు 1963లోను, బలరాం గారు 2023లోను కీర్తిశేషులైరి. ఈ వృత్తాంతము మన పట్టణములలోని పెద్దలకు తెలిసినదే. చెప్పుకొని గర్వించుటకు తగినదే.

అయినను మేమొక ప్రశ్న వేయదలచితిమి. బలరాం వంటి బాలురు బయలు అంచున నిలిచి ఆట నేర్చిన కాలమున, వారి అక్కచెల్లెండ్రు ఎచట నుండిరి? నీళ్లబిందె దించి, తమ్ముని చంకనెత్తుకొని, అదే యంచున నిలిచి వారును చూచియే యుందురు. చూచిన బాలుడు బయలులోనికి దిగెను. చూచిన బాలిక ఇంటికి మరలెను. కన్నులకు భేదము లేదు, కాళ్లకు భేదము లేదు. బయలులోనికి దిగుటకు ఒకరికి సెలవుండెను, ఒకరికి లేకుండెను. ఇంతయే తేడా. ఈ తేడాయే మన యీ వ్యాసమునకు విషయము.

స్త్రీలకు కాలిబంతి సరిపడదనియు, సరిపడుననుకొని సంఘములు పెట్టినచోట్ల నెల్ల అవి నాలుగునాళ్ల ముచ్చటగా ముగిసినవనియు, కావున అది ప్రకృతివిరుద్ధ ప్రయత్నమనియు మనవారిలో పలువురు పెద్దలు వాదింతురు. సంఘములు ముగిసినమాట నిజము. ఎందుకు ముగిసినవో విచారింపకుండ ప్రకృతిమీద నేరము మోపుట న్యాయము గాదు. శవము కనబడినంత మాత్రమున సహజమరణమని పంచాయతీదారులు వ్రాయరు గదా! గాయములను పరీక్షింతురు. అట్టి పరీక్షను మనమును చేయుదము.

ఈ చరిత్రకు మొదటి పుట ఇంగ్లాండున వ్రాయబడినది. 1895వ సంవత్సరమున లండనులో బ్రిటిషు లేడీసు ఫుట్‌బాల్ క్లబ్బు అను సంఘము వెలసెను. దానికి కార్యదర్శిని నెట్టీ హనీబాల్ అను పేరున వ్యవహరించిన యువతి. అది మాఱుపేరని చరిత్రకారులు తలంతురు. తన నిజనామముతో బయటపడుటకే సాహసము చాలని కాలమది. అధ్యక్షురాలు లేడీ ఫ్లారెన్స్ డిక్సీ. ఈమె క్వీన్సుబరీ ప్రభువు కుమార్తె. దక్షిణామెరికాలోని పాటగోనియా దేశమున సంచరించి గ్రంథము వ్రాసినది. 1881లో దక్షిణాఫ్రికా యుద్ధవార్తలను పత్రికకు పంపినది. ఆంగ్లేయులు ఓడించి చెఱపట్టిన జులూ రాజు సెటెవాయోను తిరిగి సింహాసనమెక్కింపవలెనని తన జాతివారితోనే పోరాడినది. పరుల స్వాతంత్ర్యమునకై వాదించిన స్త్రీయే తనవారి క్రీడాస్వాతంత్ర్యమునకును అండగా నిలుచుట కాకతాళీయమని మేము తలంపము.

స్త్రీలు అలంకారమునకు మాత్రమే పనికివచ్చు బొమ్మలు కారని లోకమునకు చూపుటయే తన సంఘోద్దేశమని హనీబాల్ పత్రికలవారితో చెప్పెను. స్త్రీలు పార్లమెంటున కూర్చుండి తమ వ్యవహారములను తామే నడుపుకొను దినము వచ్చునని గూడ ఆమె ఆశించెను. టాటెన్‌హాం జట్టు ఆటగాడొకడు వారికి శిక్షణ నిచ్చెను. 1895 మార్చి 23వ తేదీన ఉత్తర లండనులోని క్రౌచ్ ఎండ్ క్రీడాస్థలమున మొదటి ఆట జరిగెను. తమలో తామే ఉత్తరజట్టు, దక్షిణజట్టు అని రెండుగా ఏర్పడి యాడిరి. ఉత్తరజట్టు 7-1గా గెలిచెను. పదివేలకు పైబడిన జనము చూడవచ్చెను. అటుపిమ్మట ఆ సంఘమువారు దేశమంతట తిరిగి అనేకస్థలముల నాడిరి. రెండుమూడేండ్లలో సంఘము మాయమయ్యెను.

ఎందుకు మాయమయ్యెను? మొదటి ఆటను చూచి పత్రికలవారు వ్రాసిన వ్రాతలను చదివినవారికి కారణములలో నొకటి వెంటనే పొడకట్టును. వారిలో పలువురు ఆటను గూర్చి నాలుగు పంక్తులు వ్రాసి, ఆటకత్తెల దుస్తులను గూర్చి నలువది పంక్తులు వ్రాసిరి. పావడ విడిచి లాగులు తొడుగుటయే వారికి మహావిశేషమయ్యెను. మా పత్రికావృత్తి నిందింపదగిన ఘట్టములలో ఇది యొకటి, ఒప్పుకొనక తప్పదు. ఆ పదివేలమందిలో అధికులు వింత చూడ వచ్చినవారు. వింత రెండవమారు వింత గాదు. వేడుకకు వచ్చిన జనము వేఱొక వేడుకకు పోవును. ఆ సంఘమునకు సొంత బయలు లేదు, చేరదీసిన సమాఖ్య లేదు, పోటీపడుటకు మఱి పది సంఘములు లేవు, పాఠశాలలనుండి ఏటేట వచ్చి చేరు బాలికలు లేరు. టిక్కెట్టు డబ్బులపై బ్రదికిన సంఘము టిక్కెట్టు డబ్బులతోనే పోయెను. విత్తు మంచిదే; చల్లినది బండమీద.

రెండవ పుట ఇంతకంటె చిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధకాలమున పురుషులు రణరంగమునకు పోగా, ఇంగ్లాండులో స్త్రీలు ఫ్యాక్టరీలలో మందుగుండు తయారుచేయసాగిరి. ప్రెస్టను పట్టణమునందలి డిక్ కెర్ కార్ఖానాలోని పనికత్తెలు మధ్యాహ్నపు విరామమున కాలిబంతి యాడి యాడి జట్టుగా నేర్పడిరి. 1917వ సంవత్సరము క్రిస్మసు నాడు వారాడిన ఆటకు పదివేలమంది వచ్చిరి. వచ్చిన ధనము గాయపడిన సైనికుల ఆసుపత్రికి చేరెను. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూలునందలి గూడిసన్ పార్కులో వారు సెయింట్ హెలెన్సు జట్టుతో ఆడినపుడు లోపల 53,000 మంది. తలుపులు మూయగా చోటు చాలక వెలుపల నిలిచినవారు మఱి పదివేలకు మించిరి. ఒక్కదినమున వసూలైనది మూడువేల పౌనులకు పైగా, అదియు ధర్మకార్యములకే. దీనిని వింత చూడవచ్చిన జనమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. మూడేండ్లు వింతగా నుండునది లోకమున లేదు.

అపుడేమి జరిగెను? 1921 డిసెంబరు 5వ తేదీన ఆంగ్ల ఫుట్‌బాల్ అసోసియేషను పెద్దలు సమావేశమై, ఈ క్రీడ స్త్రీలకు ఏమాత్రము తగదనియు ప్రోత్సహింపరాదనియు తీర్మానించి, తమలో చేరిన క్లబ్బులు స్త్రీలకు బయళ్ల నీయరాదని శాసించిరి. వసూలైన ధనములో ఖర్చులకే అధికము పోవుచున్నదని యొక యాక్షేపణనుగూడ జోడించిరి. గమనింపుడు: స్త్రీలు ఆడరాదని వారు శాసింపలేదు, అట్టి యధికారము వారికి లేదు. బయలు మాత్రము ఈయరాదనిరి. గొంతు నులుమనక్కఱలేదు, గాలి నిలిపిన చాలును. ఆ కట్టడి సుమారు అర్ధశతాబ్దము సాగి 1970 తరువాతగాని తొలగలేదు. 2008లో ఆ అసోసియేషనే తన పూర్వుల చేతకు క్షమాపణ చెప్పుకొనెను. ఏబదియేండ్లు పోయిన యౌవనములకు క్షమాపణ యేమి పరిహారము? డిక్ కెర్ జట్టువారు మాత్రము పట్టువిడువక, కార్ఖానావారి అండ తొలగిన పిదప 1926 మొదలు ప్రెస్టను లేడీసు అను పేరుతో, దొరకిన పచ్చికబయళ్లలో 1965 వఱకు ఆడుచునే యుండిరి. ప్రకృతివిరుద్ధమైన పనిని నలువదియెనిమిది సంవత్సరము లెవరు చేయగలరు?

ఇది తెల్లవారి కథ, మనకేల యందురా? మన యింటికి వత్తము. మన దేశమున 1975లో భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య యేర్పడెను. పురుషుల సమాఖ్య పట్టించుకొనని కాలమున కొందఱు ఉత్సాహవంతులు దానిని నడిపిరి. 1980 ఆరంభమున కాలికట్టులో జరిగిన ఆసియా మహిళల పోటీలలో మనవారు రెండవ స్థానము నందిరి. 1983లో బాంకాకులో మఱల రెండవ స్థానము. ఆ సంవత్సరమే శాంతి మల్లిక్ గారికి అర్జున బహుమానము లభించెను. మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణులలో దానిని పొందినవారిలో ఆమెయే మొదటివారు. ఆసియాఖండమున రెండవ స్థానము! పురుషుల జట్టు ఆ దశాబ్దమున కలలోనైన చేరని మెట్టది. 1990 ప్రాంతమున మహిళల యాట జాతీయ సమాఖ్య యధీనమునకు వచ్చెను. ఇక పెరుగునని యెల్లరు తలచిరి. ఫలితమేమి? చాలకాలము అంతర్జాతీయ పోటీలాడకుండుటచే 2009లో మన మహిళల జట్టు పేరే ప్రపంచ సంస్థ జాబితానుండి తొలగింపబడెను. ఆటకత్తెలు లేకగాదు, ఆటలు లేక.

ఇటీవలి రెండు మూడు సంగతులను గూడ పాఠకుల యెదుట నుంచెదము. కేరళ బ్లాస్టర్సు అను ప్రసిద్ధసంస్థ 2022 జూలైలో మహిళలజట్టును ప్రకటించెను. 2023 మార్చి 3వ తేదీన బెంగుళూరిలో జరిగిన పోటీలో ఆ సంస్థ పురుషుల జట్టు, ఎదిరి వేసిన యొక గోలు చెల్లదని వాదించి ఆట నడుమ బయలు విడిచి వెడలిపోయెను. అందుకు సమాఖ్య నాలుగుకోట్ల రూపాయల జుల్మానా విధించెను. ఆ భారమును కారణముగా జూపి సంస్థవారు జూను నెలలో దేనిని నిలిపిరి? మహిళలజట్టును. తాత్కాలికమనిరి. పట్టుమని యేడాది నిండని జట్టు! అలిగి లేచిపోయినవారు అన్నలు. కంచము తీసివేసినది చెల్లెండ్ర యెదుటినుండి. మన యిండ్లలో ఇట్టి తీర్పులు క్రొత్తవి గావు. అందుచేతనే కాబోలు దేశము పెద్దగా ఉలికిపడలేదు.

అంతకు ముందటి సంవత్సరము ఆగస్టులో ఇట్టిదే మఱియొకటి. జాతీయ సమాఖ్య నిర్వహణలోని గందరగోళము వలన ప్రపంచ సంస్థ భారతదేశమును బహిష్కరించెను. ఆ సమయమున గోకులం కేరళ మహిళలజట్టు ఆసియా క్లబ్బుల పోటీకై తాష్కెంటు చేరియుండెను. తప్పు చేసినది కుర్చీలలోని వారు. బూట్లు విప్పకనే తిరిగివచ్చినది ఆ బాలికలు. పదునొకండు దినములలో బహిష్కారము తొలగెను గాని పోటీ వారికై ఆగలేదు.

ఇక మన హైదరాబాదు సంగతి. 2016-17లో భారత మహిళల లీగు మొదటిమారు జరిగినపుడు పాల్గొన్న జట్లలో పుణే సిటీ యొకటి. ఆ సంస్థ 2019లో మూతపడెను. పురుషుల లీగునందు దాని స్థానమున హైదరాబాదు పేర క్రొత్తసంస్థ వెలసెను. పుణేనుండి పురుషుల జట్టువారు పలువురు హైదరాబాదు చేరిరి. మహిళలజట్టు మాత్రము బండి యెక్కలేదు. హైదరాబాదు సంస్థ 2022 మార్చిలో లీగు విజేతయై మనల నెల్లర నానందింపజేసెను. 2025లో అదియు తరలి ఢిల్లీ పేరు పెట్టుకొనెను. కావున యజమానుల చేతి క్లబ్బులు స్త్రీలకు మాత్రమే అస్థిరములని మేమనము. కాని మునిగెడు పడవనుండి మొదట త్రోయబడువారు స్త్రీలే యని యనక తప్పదు.

ఈ వృత్తాంతములన్నిటిని కలిపి చూచిన నొక సూత్రము తేటపడును. ఏ సంఘమును ఆటకత్తెల యశక్తిచేత చావలేదు. ప్రతిదానికిని బయలు పరులది, ధనము పరులది, నిర్ణయము పరులది. దయచేత దొరకినది దయ తఱిగిననాడు పోవును. పరపాలనమున మనమును ఈ పాఠమునే నేర్చితిమి. దొర మంచివాడైనపుడు బడి తెఱచుట, చెడ్డవాడైనపుడు మూయుట, రెండును అతని యిచ్చయే యైనంతకాలము మనకు బడి లేనట్లే యని వాదించి గదా స్వరాజ్యము కోరితిమి! ఆ న్యాయము గడపకు వెలుపలనే నిలువవలెనా?

ఇపుడు ఆక్షేపణలకు సమాధానము. మొదటిది ఆరోగ్యము. కాలిబంతి స్త్రీదేహమునకు హానియని 1921లో ఇంగ్లాండున కొందఱు వైద్యులును పలికిరి. మన చెఱువుల క్రింది మళ్లలో మోకాటిలోతు బురదలో తెల్లవారుజామునుండి మునిమాపు వఱకు నడుము వంచి నాట్లు వేయువారెవరు? కట్టెలమోపు నెత్తిని బెట్టుకొని కోసులు నడచువారెవరు? మేడలకు ఇటుకలు మోయువారెవరు? అపుడు స్త్రీదేహము సుకుమారమని ఏ వైద్యుడును, ఏ భూస్వామియు అడ్డుపడలేదు. కూలికి పనికివచ్చు కాళ్లు ఆటకు పనికిరావనుట ఆరోగ్యశాస్త్రము గాదు, లెక్కలశాస్త్రము.

రెండవది సంప్రదాయము. మన సంప్రదాయమున స్త్రీకి బంతి నిషిద్ధమా? కాళిదాసు పార్వతిని బాల్యమున మందాకినీ సైకతములపై సఖులతో బంతులాడించెను. దండి దశకుమారచరిత్రమున సుహ్మదేశపు రాచకన్నెకు కందుకావతి యని పేరే పెట్టెను. ఆమె నెలనెలా కృత్తికానక్షత్రమున దేవీసన్నిధిని, పురజనులందఱు చూచుచుండగా, బంతియాట నాడి చూపును. ఆ కథను మూలఘటిక కేతన తెనుగించి తిక్కన సోమయాజికి అంకితమిచ్చెను. తిక్కనగారు చెవులు మూసికొన్నట్లు వినలేదు. అది చేతిబంతి, ఇది కాలిబంతి యందురు. కావచ్చును. పదిమంది యెదుట స్త్రీ బంతి యాడుట అపచారము గాదనుటకు అది చాలును. ధర్మసాధనములలో మొదటిది శరీరమే యను కాళిదాసోక్తిని మన వ్యాయామశాలల వార్షికోత్సవములలో వల్లించని వక్త లేడు. ఆ మాట కావ్యమున ఎవరితో చెప్పబడినది? తపస్సుచే కృశించిన పార్వతితో, బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు చెప్పినది. స్త్రీతో చెప్పిన మాటను పురుషుల గోడలపై వ్రాసికొని స్త్రీలకు తలుపులు మూసితిమి! వివేకానందస్వామి 1897లో మద్రాసు యువకులతో, గీతాపఠనముకంటె ఫుట్‌బాల్ వలన స్వర్గమునకు దగ్గఱగుదురనెను. ఆ స్వర్గమునకు యువతులు పోరాదని స్వామి యనలేదు.

మూడవది లోకాపవాదము. 1874లో కందుకూరి వీరేశలింగంపంతులు గారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల తెఱచినపుడును లోకము ఈ మాటయే యనెను. చదువుకొన్న బాలిక చెడునని నాడు వాదించిన కుటుంబముల మనుమరాండ్రు నేడు డాక్టర్లు, ప్లీడర్లు. 1923 కాకినాడ కాంగ్రెసున స్వయంసేవికయై, టిక్కెట్టు లేదని జవహర్లాలును ప్రదర్శనశాల గడపకడ నిలిపిన బాలిక దుర్గాబాయి. అపుడామె వయస్సు పదునాలుగేండ్లు. ఆ బాలిక వీథిలోనికి వచ్చెనని నాడు ముక్కున వ్రేలిడుకొన్నవారి పేరులు నేడెవరికి తెలియును? ఆమె 1937లో స్థాపించిన ఆంధ్రమహిళాసభ మాత్రము నిలిచియున్నది. ఎందుకు నిలిచెను? దానికి సొంత నివేశనము, సొంత నిధి, సొంత నియమావళి, నడుపువారు స్త్రీలు. క్రీడాసంఘముల కిదియే ఆదర్శము.

నాలుగవది ప్రయోజనము: మన ప్రాంతపు బాలికలు ఆడగలరా? ఇందుకు తర్కమక్కఱలేదు, సాక్ష్యమున్నది. మనము మొదట చెప్పిన రైలుమార్గమే మేడ్చలు దాటి పోయి పోయి నిజామాబాదు చేరును. ఆ జిల్లాలోని లంబాడీ తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య నేడు దేశపు మేటి క్రీడాకారిణులలో నొకతె. 2022లో ఆమె క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టులో చేరెను. ఈస్టుబెంగాలు జట్టు 2024-25లో మహిళల లీగును గెలిచినపుడు అందుండెను. ఆ యేడు జాతీయ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి బహుమానము ఆమెకే దక్కెను. 2025 జూలైలో మన మహిళలు థాయిలాండును వారి గడ్డమీదనే 2-1గా ఓడించి, 2026లో ఆస్ట్రేలియాలో జరుగు ఆసియా కప్పునకు అర్హత సంపాదించిరి. తండాలోని బిడ్డకు సాధ్యమైనది తక్కిన బిడ్డలకు అసాధ్యమా? అయితే ఆమె వంగదేశమునకు పోయి యాడవలసివచ్చుట మన ప్రతిష్ఠకు చేటు. మన పంట, పరుల గాదె.

కావున మేము కోరున దేమన, పెద్దపెద్ద స్టేడియములు గాదు. కౌకూరు, బొల్లారము, అల్వాలు, మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములను నగరము దినదినమును మ్రింగుచున్నది. నిన్నటి జొన్నచేను నేడు ప్లాట్లు, ఱేపు గోడలు. పాఠకులలో భూస్వాములు పెక్కండ్రు గలరు. చేను ప్లాట్లుగా కోయునపుడు గుడికి కొంత, బాటకు కొంత విడుచుట మన పెద్దల యాచారము. ఆ యాచారమునకు మఱియొక యంకె చేర్చుడు: ఆటబయలు. దానిని మాటతో విడుచుటగాక దస్తావేజుతో విడువుడు. ధర పెరిగిననాడు మీ వారసులు మనసు మార్చుకొనుటకు సందీయకుడు. ఆ దస్తావేజునందే, వారమున ఇన్ని దినములు, ఇన్ని గంటలు బాలికలకే చెల్లునని వ్రాయింపుడు. బాలురు ఆడి విడిచిన చీకటివేళ బాలికల కిచ్చుట ఇచ్చుట గాదు.

పట్టణవాసులారా! మీరు చేయదగినదియు కలదు. సంఘము నొకటి రిజిస్టరు చేయింపుడు. కార్యవర్గమున స్త్రీలు సగమునకు తక్కువ గాకుండ నియమము పెట్టుడు. బాలికలజట్టు నిధిని బాలుర నిధితో కలుపకుడు. ఒకరి జుల్మానా మఱియొకరి గోయి కారాదు. కొచ్చిలో జరిగినది కౌకూరులో జరుగరాదు. ఒక్కజట్టుతో తృప్తిపడక, ఊరూర నొక్కొక్కటి చొప్పున నాలుగైదు జట్ల నేర్పఱచి ఏటేట పోటీలు జరుపుడు. ఎదిరి లేని యాట ఎంతకాలము సాగును? క్రౌచ్ ఎండ్ వారు తమలో తామే ఆడుకొని అలసిపోయిన సంగతి మఱవకుడు. బయలు ప్రక్కను నీళ్లకొళాయి, బట్టలు మార్చుకొనుటకు నాలుగుగోడల గది, ఇంటికి చేరువఱకు తోడు: ఈ మూడును లేక ఎందఱు బాలికలు పదునాలుగవ యేటనే ఆట మానుచున్నారో బడిపంతులమ్మల నడుగుడు. ఖర్చు స్వల్పము, శ్రద్ధ మాత్రము కావలెను.

తల్లిదండ్రులకు ఒకమాట. గెలిచి పతకము తెచ్చునని మీ కూతును బయలునకు పంపకుడు. వేయిమందిలో నొకతెకు పతకము రావచ్చును. తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మిదిమంది పరుగెత్తుట నేర్తురు, పడి లేచుట నేర్తురు, ఓడియు నవ్వుట నేర్తురు, తోడివారిని నమ్మి బంతి నందించుట నేర్తురు. అట్టి కోడలు ఇంట నడుగిడిన సంసారము చెడునని భయపడువారు తమ సంసారములను ఒకమారు పరీక్షించుకొందురుగాక.

మేము మా వృత్తివారిని గూడ విడువము. 1895లో లండను విలేఖరులు చేసిన తప్పును మనము చేయరాదు. బాలికలజట్టు ఆడినపుడు లాగుల పొడవు కొలువక గోలుల లెక్క వ్రాయుదము. ఓడిన ఓడిరని వ్రాయుదము. కనికరపు ప్రశంసయు నొక యవమానమే.

అమ్ముగూడ బయలు అంచున నిలిచి చూచిన బాలుడు ప్రపంచమును చూచెను. ఆ యంచున ఈ సాయంకాలమునను ఒక బాలిక నిలిచియే యుండును. బంతి దొర్లి దొర్లి ఆమె పాదముకడకు వచ్చును. ఆమె దానిని బయలులోనికి తన్ని, ఇంటికి మరలును. ఆ ఒక్క తాపులోని బలమును, గుఱిని చూడగల కన్నులు మన పెద్దలకు కలుగుగాక! బంతి వెంట ఆమెయు బయలులోనికి దిగుగాక!